నిదానము

నిదాన మను మాటకు సంస్కృతమున నొక యర్థమును, మన తెలుగున వేఱొక యర్థమును గలవు. వైద్యగ్రంథములలో నిదానమనగా రోగమునకు మూలమైన కారణము; ఆ కారణమును కనుగొను పద్ధతియును నదియే. మాధవకరుడు రచించిన మాధవనిదానమంతయు నీ యొక్క పనికే వినియోగింపబడినది. అందు రోగమును గుర్తించుటయే గాని చికిత్స చెప్పబడలేదు. తెలుగువాడు మాత్రము ‘నిదానముగా చేయు’ మనినప్పుడు తొందరపడవద్దనియే యతని భావము. ఈ రెండర్థములును ఒక మాటలో నెట్లు చేరినవో భాషావేత్తలు చెప్పవలయును. చేరుట మాత్రము మిక్కిలి తగియున్నది.

ఇంటియందు గాని సంఘమునందు గాని యేదైన చెడినప్పుడు మనము రెండు పనులు చేయుదుము. చెడుగు ఆగునట్లు చేయుట యొకటి. ఆ చెడుగునకు కారకమెవరో, యేదో నిర్ణయించుట రెండవది. మొదటిది సిద్ధించినచో రెండవదియు సరియైనదే యని నమ్మి యూరకుందుము. జ్వరము తగ్గినది గనుక మందు మంచిది. కోడలు పుట్టింటికి పోయిన పిమ్మట కలహమణగినది గనుక కలహమునకు మూలము కోడలే. ఫలితము సిద్ధించినంత మాత్రమున తీర్పు న్యాయమగునా యన్నది నా ప్రశ్న. దీనిని విచారించుటకు వేదాంతగ్రంథములు విప్పబోను. పెట్రోలుతో నడచు సైకిలు, అనగా మోపెడు, దానికుండు కార్బురేటరు, ఇవి చాలును. సాహిత్యపత్రికలో మరమ్మతు కొట్టు ప్రసంగమేమని కొందఱు ముక్కు విఱువవచ్చును. పిడికిలియంత లోహపు తునక యొకటి మనుష్యుని న్యాయబుద్ధిని పరీక్షింపగలిగినప్పుడు దానిని వాకిటనే నిలిపివేయుట మర్యాద కాదు.

త్రొక్కుడు సైకిలు కంటె పెద్దది, మోటారు సైకిలు కంటె చిన్నదియగు నీ బండి నెఱుగని పల్లె మనలో లేదు. 1972 లో పూనానుండి లూనా వచ్చినది. 1980 లో హోసూరునుండి టీవీయస్ 50 వచ్చినది. పాలక్యానులు, కూరగాయల గంపలు, ఎరువుల బస్తాలు, చీరల మూటలు, బడిపిల్లలు, వీరిని వీనిని నాటినుండి నేటివఱకు మోయుచున్నది ఈ జాతి బండియే. కారు చెడినవానికి తీరిక చెడును. మోపెడు చెడినవానికి ఆ పూట కూడు చెడును. కనుక దీని దోషము నెట్లు నిర్ణయింతుమన్నది వినోదవిషయము కాదు.

కార్బురేటరు చేయు పని చెప్పుట తేలిక. ఇంజను ఊపిరి పీల్చునప్పుడు గాలి యొక సన్నని గొంతుకగుండ లోనికి పోవును. దారి యిఱుకైనచోట ప్రవాహమునకు వేగము పెరుగును; వేగము పెరిగినచోట ఒత్తిడి తగ్గును. 1738 లో వెలువడిన బెర్నూలీ గ్రంథమువలనను, 1797 లో వెంటూరీ ప్రకటించిన ప్రయోగములవలనను ఈ ధర్మము శాస్త్రజ్ఞులకు సుపరిచితము. క్రింద నొక గిన్నెలో పెట్రోలు నిలువ యుండును. గొంతుకలో ఒత్తిడి తగ్గినందున ఆ పెట్రోలు జెట్టు అను సూక్ష్మరంధ్రమునుండి పైకి లేచి, తుంపరయై గాలిలో కలియును. గిన్నెలోని మట్టము మాఱకుండ చూచుటకు ఫ్లోటు అను తేలుడుబుడ్డి కలదు. మట్టము పెరిగినకొలది అది లేచి, సూదితో దారి మూయును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కలిసినచో రెండును మిగులక మండును. గాలి హెచ్చినచో మిశ్రమము పలుచనగును. పెట్రోలు హెచ్చినచో చిక్కనగును. తక్కిన వివరములన్నియు నీ పాళ్లు చెడకుండ కాపాడుటకే యేర్పడినవి.

ఫ్రాన్సు దేశమున 1946 మొదలు అమ్మకమునకు వచ్చిన వెలోసొలెక్సు అను మోటారు సైకిలును చేసినవారు అంతకుముందు కార్బురేటర్ల వలననే పేరుపడిన సంస్థవారు. వారు తమ సైకిలులో ఫ్లోటునే తీసివేసి, చిన్నపంపుతో పెట్రోలు నెత్తి, మిగిలినది తిరిగి టాంకులో పడునట్లు అమర్చిరి. కార్బురేటరు గుణమెఱిగినవారే దానిలో నేది తొలగింపదగినదో యెఱుగుదురు!

ఈ వస్తువున కొక దురదృష్టము కలదు. ఇది టాంకునకును ఇంజనుకును నడుమ, కంటికి కనబడుచోట, చేతికందుచోట నున్నది. దాని స్క్రూలు బయటనే యుండును. బండి యాగినచో మొదట చేయి వానిమీదికే పోవును. ఇంటిలో నందఱికిని అందుబాటులో నుండి, బదులు చెప్పజాలని మనిషిమీదనే యందఱి కోపమును పడుట మన మెఱుగని సంగతియా? నిజమునకు కార్బురేటరుపై మోపబడు నేరములలో చాలభాగము ఇతరులవి. టాంకు కుళాయిలోని జల్లెడకు త్రుప్పు పట్టియుండవచ్చును. ఇంజనుకును కార్బురేటరునకును నడుమనున్న గ్యాస్కెట్టు చినిగి దొంగగాలి దూఱుచుండవచ్చును. ప్లగ్గు చెడియుండవచ్చును. సైలెన్సరు లోపల మసి పేరుకొని ఇంజను విడిచిన పొగకు దారి లేకపోయి యుండవచ్చును. ఊపిరి విడువలేనివాడు పీల్చుటయెట్లు?

ఈ చిక్కులను విడదీయుటకు మంచి పనివారు చేయు పరీక్షలను చూచినప్పుడెల్ల నాకు మన తార్కికులు జ్ఞప్తికి వత్తురు. చోకు సగము మూసి చూతురు. గాలి తగ్గినప్పుడు ఇంజను కుదుటపడి, చోకు తెఱవగానే మరల తడబడినచో మిశ్రమము పలుచనైనదని తెలియును. చోకు మూయగా మఱింత ఉక్కిరిబిక్కిరియైనచో చిక్కనైనదని తెలియును. ఒకటి యున్నప్పుడు ఫలమున్నదా, అది లేనప్పుడు ఫలము లేదా యని రెండువైపుల చూచు అన్వయవ్యతిరేకముల కంటె నిది వేఱు కాదు. అయినను పలుచనైనదని తెలిసినంతనే కారణము తెలిసినట్లు కాదు. జెట్టు మూసికొనిపోయినను పలుచనగును. దొంగగాలి దూఱినను పలుచనగును. పైనుండి పెట్రోలు రాకున్నను పలుచనగును. ముగ్గురనుమానితు లున్నారు. అతుకుచుట్టును గ్రీజు పూసినంతనే ఇంజను వేగము మాఱినచో రెండవవాడు దొరకినట్లే. గొట్టమూడదీసి పెట్రోలు ధారగా వచ్చుచున్నదో లేదో చూచినచో మూడవవాని సంగతి తేలును. ఇద్దఱును నిర్దోషులైనప్పుడే కార్బురేటరును విప్పవలయును.

ఇంకొక ప్రశ్నయు కలదు. అది యన్నిటికంటె విలువైనది. ఎప్పుడు? బండి నిలిచియున్నప్పుడు ఆగుచున్నదా, నడిమి వేగమున తడబడుచున్నదా, పూర్తిగా వేగమిచ్చినప్పుడు బలహీనమగుచున్నదా? సామాన్యముగా నొక్కొక్క స్థితియం దొక్కొక్క భాగము పెట్రోలు నిచ్చును: నిలుకడయందు చిన్నజెట్టు, నడుమ సూది, కడపట పెద్దజెట్టు. కావున ‘ఎప్పుడు’ అన్నది తెలిసినచో ‘ఎక్కడ’ అన్నది సగము తెలిసినట్లే. మన మిండ్లలో ఈ ప్రశ్నను వేయము. పిల్లవాడు అబద్ధమాడినాడనగానే ‘ఎవరు నేర్పిరి’ అందుము. ఎప్పుడెప్పు డబద్ధమాడుచున్నాడో, యెవరి యెదుట నాడుచున్నాడో చూడము. చూచినచో మన బెత్తమునకు సంబంధించిన సంగతు లేవైన బయటపడునేమో!

అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారికి పొగ, నిప్పు అను జంట పాతచుట్టము. పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగయుండదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పున్నను పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుతోపాటు తడికట్టె కావలయును. దానికే ఉపాధి యని పేరు. బండి తెల్లనిపొగ విడుచుట చూచినంతనే ‘కార్బురేటరే’ యని తేల్చువా డీ తడికట్టెను మఱచినవాడు. టూస్ట్రోకు బండిలో నూనె పెట్రోలుతోనే కలిసి పోవును. కలిపినవాని చేయి జాఱినను పొగయే. సైలెన్సరులో నిలిచిన పాతనూనె కాగినను పొగయే.

ఇక నొక వృత్తాంతము చెప్పెదను. గోదావరి డెల్టాలోని చిన్నపట్టణమొకదానిలో పాలుపోసి జీవించు నతడు దీనిని నాకు చెప్పెను. పేర్లతో పనిలేదు. అతని మోపెడు వేకువజామున పాలక్యానులతో బయలుదేఱి, నాలుగైదు కిలోమీటర్లు పోయి యాగిపోవుచుండెను. పది నిమిషములు నిలిపినచో తిరిగి నడచును. మరల నాలుగైదు కిలోమీటర్లకు ఆగును. అతడు మరమ్మతు కొట్టునకు పోయి మేస్త్రితో నిట్లనెను: “మేస్త్రీ, ట్యాంకు నిండా కొట్టించిన రోజునే ఎక్కువ ఆగుతోందండీ. సగముంటే అంతగా ఆగదు.”

మేస్త్రి నవ్వి, “పెట్రోలు ఎక్కువైతే బండి ఆగుతుందటయ్యా! నువ్వు పాలల్లో పోసినట్టే బంకువాడు పెట్రోల్లో నీళ్లు పోసుంటాడులే” అనెను. అక్కడివారందఱును నవ్విరి. పాలు పోయునతడును నవ్వెనట.

కొట్టులో పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవా డొకడు, పందొమ్మిదేండ్లవాడు, కార్బురేటరును విప్పి కడిగి బిగించెను. మఱునాడు బండి మరల నాగెను. మేస్త్రి జెట్టును వెలుతురునకెత్తి చూచి, “ఇనపతీగ పెట్టి పొడిచావురా! కన్నం పెద్దదైపోయింది” అనెను. తీగతో పొడిచినచో జెట్టు చెడుననుట నిజమే. ఆ తప్పు లోకములో చాలమంది చేయుదురు. కుఱ్ఱవాడు, “తీగ పెట్టలేదన్నా, గాలి కొట్టానంతే” అనెను. వాని మాట నెవరును నమ్మలేదు. క్రొత్త కార్బురేటరు తెప్పించి బిగించిరి. దాని వెల వాని కూలినుండి వారమువారమును కోసిరి. బండి నడచినది. మేస్త్రి తీర్పునకు బండియే సాక్ష్యము పలికినది. తోడిపనివారు వానికి ‘తీగ’ యని పేరుపెట్టిరి. రెండుమాసములలో వాడా కొట్టు విడిచిపోయెను.

ఏడెనిమిది మాసములు గడచినవి. ఎండకాలపు దుమ్ములో ఆ బండియే కాలువగట్టున మరల నాగెను. దాపున సైకిళ్లకు పంక్చరులు వేయు ముసలివాడొకడు వచ్చి, దేనిని విప్పక, టాంకు మూత మాత్రము త్రిప్పెను. సుయ్యిమని గాలి లోనికి పోయిన చప్పుడు వినబడెను. మూత పెట్టి నడపగా బండి నడచెను. మూతకున్న సన్నని రంధ్రము మట్టితో మూసికొనిపోయినది. ముసలివాడు పిన్నీసుతో దానిని తీసి, అయిదు రూపాయలు పుచ్చుకొనెను.

నూనెడబ్బాకు రెండవ కన్నము పెట్టనిదే నూనె సరిగా జాఱదని వంటయింటిలోని వారందఱు నెఱుగుదురు. టాంకునుండి పెట్రోలు దిగవలెనన్న దాని చోటికి గాలి పోవలెను. గాలికి దారి లేనప్పుడు టాంకులో శూన్యత పెరిగి పెట్రోలు నిలిచిపోవును. కాసేపు నిలిపినచో ఎక్కడనో సందుగుండ గాలి కొంచెము చేరి మరల దిగును. టాంకు నిండుగానున్నప్పుడు లోపలి గాలి చోటు చిన్నది గనుక ఆ శూన్యత త్వరగా నేర్పడును. పాలు పోయునతడు మొదటిదినమున చెప్పిన మాట యక్షరాల నిజము. ఆ మాటలోనే నిదానమంతయు నున్నది. ప్రతిదినమును ఆ బండిమీద గూర్చుండువానికంటె ఆప్తుడెవడు? మన శాస్త్రములు ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించినవి. మనము మాత్రము ఆప్తుడెవడో యతని బట్టలను చూచి నిర్ణయింతుము.

మఱి క్రొత్త కార్బురేటరు పెట్టినప్పుడు బండి యెట్లు నడచినది? ఆనాడే టాంకు దించి కడిగిరి. మూతను గుడ్డతో తుడిచిరి. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినవి. పండును కాకియే పడగొట్టినదని కొట్టువారందఱును నమ్మిరి.

పాలు పోయునతడు మేస్త్రియొద్దకు పోయి జరిగినది చెప్పెను. మేస్త్రి కొంచెమాలోచించి, “అప్పుడు నడిచిందా లేదా?” అనెను.

ఈ యొక్క వాక్యముకొఱకే నే నీ వ్యాసము వ్రాయుచున్నాను. ఇది మేస్త్రి యొక్కనిది కాదు. సంసారములలో పెద్దలు, పాఠశాలలలో ఉపాధ్యాయులు, కచేరీలలో అధికారులు దినదినమును చెప్పు సమాధానమిదియే. దీనిలో కొంత న్యాయము లేకపోలేదు. మేస్త్రికి ఇచ్చిన పని బండిని నడపించుట; నడపించెను. అతని ముందు ఇంకను అయిదుబండ్లు నిలిచియున్నవి. పాత కార్బురేటరును తిరిగి బిగించి, ఒక్కదినము నడిపి చూచియున్నచో కుఱ్ఱవాడు నిర్దోషియని తేలెడిది. దానికి అరగంట పట్టును. ఆ యరగంటకు వెల యెవరిచ్చెదరు? క్రొత్తవస్తువు వేసినచో మనము మాటాడక రూపాయలు లెక్కపెట్టుదుము. ‘నీ మూతకు కన్నము పొడిచితిని, విచారించుటకు గంటసేపు పట్టినది, నూఱురూపాయలిమ్ము’ అన్నచో వీధినిలిచి కలహింతుము. వస్తువునకే గాని విచారణకు వెలకట్టని మనము, విచారింపలేదని పనివానిని నిందించుట చోద్యము.

అయినను మేస్త్రి సమాధానమును నేనంగీకరింపజాలను. బండి నడచుటతో అతడు చేసిన పనులలో మొదటిది మాత్రమే సమర్థింపబడినది. రెండవ పని, అనగా ఫలానివాడు చెఱచినాడన్న తీర్పు, నడచుటవలన సమర్థింపబడలేదు. మూడుమార్పు లొక్కసారి చేసి, ఫలము కనబడినంతనే తన కిష్టమైనదానికి ఆ ఫలము నంటగట్టుట యన్యాయము. ఒక్కసారి కొక్క మార్పే చేయుట, దానివలన మేలు కలుగనిచో దానిని పూర్వమున్నచోటనే యుంచుట, ఇవి పనిలో నైపుణ్యమునకు చేయవలసినవని తలతురు. నేను వీనిని సత్యవ్రతములో చేర్చుదును. ఏలయన, తెలియనిదానిని తెలిసినదని చెప్పుట ఎవరిమీదనో నేరమును మోపకుండ ముగియదు. ఈసారి ఇత్తడి జెట్టుతోపాటు నొక మనిషియు నేరస్థుడయ్యెను.

‘అవసరమునకు ధర్మసూక్ష్మము లెక్కడివి? పాలు విఱిగిపోవుచుండగా నిదానము చూచుచు గూర్చుండవలయునా?’ అని యడుగవచ్చును. వలదు. నిలుకడలో బండి యాగిపోవుచున్నప్పుడు స్క్రూను కొంచెము త్రిప్పి వేగము పెంచి యిల్లుచేరుట తప్పు కాదు. దానిని ‘తాత్కాలికము’ అని పిలుచుట, ఆ మాట బండివానికి చెప్పుట, తాత్కాలికోపాయము వలన నెవరిమీదను నేరము నిర్ణయింపకుండుట, ఇంతమాత్రము చేసిన చాలును. పాలు విఱుగకుండుటకు తొందర కావలయును గాని, కుఱ్ఱవాని కూలి కోయుటకు తొందర యేల?

మఱికొందఱు, ‘కారణమునకు కారణము, దానికి కారణము, దీనికి తుదియెక్కడ? మూతలో మట్టి యేల చేరెను? రోడ్డుమీద దుమ్మువలన. దుమ్మేల? రోడ్డు వేయనందున’ అని సాగదీయుదురు. ఇది సోమరితనమునకు తత్త్వశాస్త్రపు ముసుగు. మన చేయి సవరింపగల చోటు దొరకినచో, నిర్దోషిమీదినుండి నింద తొలగినచో, అన్వేషణ ఆగవచ్చును. అయితే కొన్నిసారులు కొంచెము దూరము పోక తప్పదు. 2023 మొదలు మనదేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును; దానికై చేయబడని పాతబండ్ల రబ్బరుభాగములను చెఱుపవచ్చును. మాసములతరబడి నిలిపిన పాతబండిలో గొట్టము ఉబ్బినచో, గిన్నె యడుగున నీరు చేరినచో, ‘మొన్న చేసిన మేస్త్రి పాడుచేసినాడు’ అనుటకు ముందు ఈ సంగతి తలంపవలసియున్నది. ఈసారి కుఱ్ఱవాని స్థానమున మేస్త్రియే నిలుచును.

కార్బురేటరును గూర్చి విచారించునప్పుడు నన్ను మిక్కిలి భయపెట్టినది మఱియొకటి కలదు. చెడుగులన్నియు చెడుగువలె కనబడవు. మిశ్రమము చిక్కనైనచో బండి మసిపొగ విడుచును, ప్లగ్గు నల్లబడును, వెనుకవచ్చువాడు దగ్గుచు తిట్టును. అందఱికి తెలిసిన చెడుగది. కొంచెము పలుచనైనదో, బండి కొన్నాళ్లు వెనుకటికంటె చుఱుకుగా పరుగెత్తును. లీటరునకు రెండుమూడు కిలోమీటర్లు ఎక్కువ వచ్చును. యజమానుడు సంతోషించి పనివానిని మెచ్చును. టూస్ట్రోకు ఇంజనులో పెట్రోలుతో కలిసిన నూనెయే పిస్టనునకు ఆధారము. బండినిబట్టి నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లవఱకు దానిని కలుపుదురు. పెట్రోలు తగ్గించినవాడు తెలియకయే నూనెను తగ్గించినవాడు. మంట వేడియగును, నూనె చాలదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నము నిండు వేగమున పిస్టను సిలిండరును పట్టివేయును. ప్లగ్గు విప్పి చూచువారు లేరు గాని, అది తెల్లబడి చాలదినములనుండి చెప్పుచునేయున్నది. కాఫీపొడి రంగున నుండవలసినది సున్నపురంగున నున్నది.

మన సంసారములలోను ఈ పలుచనితన మున్నది. నోరెత్తక, తిండి తగ్గించుకొని, రెట్టింపు పనిచేయు నింటియాడుదానిని ‘ఎంత చుఱుకు, ఎంత పొదుపు!’ అని మెచ్చుదుము. ఆ చుఱుకుదనమే వ్యాధియని యెవరును తలంపరు. ఆమె పడిపోయిననాడు మాత్రము ‘నిన్నటివఱకు బాగుగనే యున్నదే’ అని యాశ్చర్యపడుదుము. మేస్త్రి చెప్పిన ‘నడిచిందా లేదా’ అన్న ప్రమాణము ఇక్కడ పూర్తిగా చెడిపోవుచున్నది. నడచుచున్నది; బాగుగ నడచుచున్నది; చెడుచున్నది.

ఇంతవఱకు యంత్రమును మనిషిని ఒక త్రాసున తూచితిని. ఒక భేదమును చెప్పకున్నచో అపచారమగును. కార్బురేటరును పదిసారులు అనుమానించి పదిసారులు విప్పినను అది మన మనుమానించితిమని తన గుణమును మార్చుకొనదు. మనిషి యట్టివాడు కాడు. అనుమానింపబడిన పిల్లవాడు దాచుట నేర్చును. దాచుట చూచి మన యనుమానము బలపడును. పరీక్ష పరీక్షింపబడువానినే మార్చివేయును. కావున యంత్రమున చెల్లు ‘ఒకటి మార్చి చూచెద’ నను పద్ధతి మనుష్యులయెడల నంతగా చెల్లదు. కోడలిని ఆఱుమాసములు పుట్టింటికి పంపి ఫలితము చూచుట శాస్త్రము కాదు, క్రౌర్యము. ప్రయోగమునకు వీలు లేనిచోట వారి మాటకే యెక్కువ విలువ నీయవలయును. మన మాచరించునది దీనికి విపరీతము. యంత్రమును వినుటకు చెవియొగ్గుదుము. మనిషి చెప్పునప్పుడు నవ్వుదుము.

ఇక మిగిలినది ఋణము సంగతి. తీర్పు తప్పని తేలిన పిమ్మట దానిని మార్చుటకంటె దానిని మోసినవానికి తెలియజేయుట ముఖ్యము. ఆ కొట్టులో తీర్పు మాఱలేదు. మాఱినను అది కుఱ్ఱవానివద్దకు తనంతట నడచిపోదు. పాలు పోయునతడు ఊరివారి నడిగి, వాడు రాజమహేంద్రవరమున లారీల కొట్టులో నున్నాడని తెలిసికొని, ఏదో పెండ్లికి పోయినప్పుడు వానిని వెదకి చెప్పెను. వాడు చేతులు తుడుచుకొనుచు, “నాకు అప్పుడే తెలుసండీ” అని, ఊరకుండి, “మా మేస్త్రీకి చెప్పారా?” అని యడిగెనట. చెప్పితినని యతడనెను. మేస్త్రి యేమనెనో వాడడుగలేదు, ఇతడును చెప్పలేదు. కోసిన కూలిని గూర్చి యిద్దఱును మాటాడలేదు. ఆ రూపాయలను తానిచ్చుట ధర్మమా, మేస్త్రిచేత నిప్పించుట ధర్మమా యని పాలు పోయునతడు నన్నడిగెను. క్రొత్త కార్బురేటరు ఇప్పటికి నతని బండిమీదనే యున్నది గనుక, దాని వెలలో తన భాగమైన నిచ్చుటకు మేస్త్రి యనుమతి యక్కఱలేదని చెప్పితిని. మేస్త్రి భాగమును గూర్చి యతడే పోయి యడుగవలయును. చదువుకొన్న మేమెవరమైన వెంటపోవుట మంచిదనియు చెప్పితిని.

2020 ఏప్రిల్ 1 నుండి బీయస్ 6 నిబంధనలు అమలునకు వచ్చిన పిమ్మట మనదేశపు క్రొత్తబండ్లలో పెక్కింటికి కార్బురేటరు లేదు. పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్టరును, దానిని శాసించు ఎలక్ట్రానిక్ పెట్టెయును వచ్చినవి. దోషము కలిగినచో ముందువైపున చిన్నదీపము వెలుగును. పనివాడు తనయొద్ద నున్న యంత్రమును తగిలించి చూచినచో, మిశ్రమము పలుచనైనదనియో, ఫలాని సెన్సరునుండి వచ్చు లెక్క సరిగా లేదనియో సంఖ్యారూపమున తెలియును. తీగతో పొడిచితివని యిక నెవ్వరును కుఱ్ఱవానిని నిందింపనక్కఱలేదని నా మిత్రుడొకడు సంతోషించెను. పోయినమాసమున నతని బండికి దీపము వెలిగినది. సంఖ్య చూచి సెన్సరును మార్చిరి, దీపమాఱలేదు. రెండవది తెప్పించి మార్చిరి. రెండుదినము లాఱి మరల వెలిగినది. కడపట తేలినదేమనగా, గాలిగొట్టము బిగించు చోట రబ్బరు చినిగి దొంగగాలి దూఱుచున్నది. సెన్సరు నిజమే చెప్పినది. మొదట తీసివేసిన సెన్సరు మంచిదే గదా, అదేమైనదని నా మిత్రుడడిగినప్పుడు, చెత్తలో పాఱవేసితిమని కొట్టువారు చెప్పిరి.